ఒకే ఊరు, వేర్వేరు నల్లాలు

2025 నవంబరులో జూబ్లీహిల్స్ ఉప ఎన్నిక జరుగుతున్నప్పుడు గుంటూరు నుంచి మా చిన్నాన్న ఫోన్ చేశాడు. "ఏరా, టీవీలో జూబ్లీహిల్స్ అని రాసి ఇరుకు సందులు, రేకుల ఇళ్లు చూపిస్తున్నారు. సినిమావాళ్లుండే జూబ్లీహిల్స్ ఇదేనా?" అని అడిగాడు. కాదు. ఆ నియోజకవర్గంలో ఉన్నవి బోరబండ, రహమత్‌నగర్, యూసుఫ్‌గూడ, ఎర్రగడ్డ, వెంగళరావునగర్, షేక్‌పేట లాంటివి. పెద్ద బంగ్లాలున్న జూబ్లీహిల్స్ డివిజన్ బంజారాహిల్స్‌తో కలిసి ఖైరతాబాద్ నియోజకవర్గం కిందికి వస్తుంది. 2009లో కొత్త హద్దులు అమల్లోకి వచ్చినప్పటి నుంచీ ఇదే లెక్క. పేరు కొండ మీది వాళ్లది, ఓట్లు కొండ కింది వాళ్లవి.

చిన్నాన్న నవ్వి, "పోనీలేరా, కొండ మీది వాళ్లకి ఎమ్మెల్యేతో పనేముంటుంది?" అన్నాడు. సరదాగా అన్నాడు గానీ, హైదరాబాద్ రాజకీయాలు అర్థం కావాలంటే ఆ ప్రశ్న దగ్గరే మొదలుపెట్టాలి. ఎవరికి ఎమ్మెల్యేతో పనుంటుంది? ఎవరికి ఉండదు? పనున్న వాళ్లూ లేని వాళ్లూ ఒకప్పుడు పక్కపక్కనే ఉండేవాళ్లా? ఉంటే, ఎప్పుడు విడిపోయారు?

నగరాల్లో జనం మతం, కులం, ఆదాయం ప్రకారం విడివిడిగా సర్దుకోవడాన్ని పాత అలవాటుగా చూస్తాం. పల్లెలో ఊరు వేరు, వాడ వేరు. ఆ అలవాటే పట్నానికి వచ్చిందని అనుకుంటాం. అందులో కొంత నిజం ఉంది. కానీ హైదరాబాద్‌లో ఈరోజు కనిపిస్తున్న విభజనలో చాలా భాగం గత యాభై ఏళ్లలో కొత్తగా కట్టుకున్నదే. ఒక నల్లా దగ్గర బిందెలు పెట్టుకునే ఇద్దరు ఒకే పార్టీకి ఓటేయాలని లేదు. నల్లా రాకపోతే మాత్రం ఇద్దరూ ఒకే ఆఫీసు ముందు నిలబడతారు. ఆ నల్లా విడిపోయాక రాజకీయం కూడా విడిపోయిందన్నది నా వాదన. (కుళాయి అనేవాళ్లు కుళాయి అని చదువుకోండి. ఇక్కడ మాకు నల్లానే.)

దేవిడీలు, బజార్లు, క్వార్టర్లు

పాత రోజుల్లో అందరూ కలిసిమెలిసి ఉండేవారన్న మాటను కాస్త ఆగి చూడాలి. 1591లో పుట్టిన ఈ నగరంలో నవాబుల దేవిడీల (పెద్ద భవంతుల) చుట్టూనే వంటవాళ్లు, గుర్రపు బగ్గీ తోలేవాళ్లు, దర్జీలు, చిన్న వ్యాపారులు ఉండేవారు. గోడ పంచుకున్నారు గానీ హోదా పంచుకోలేదు. సికింద్రాబాద్ 1806లో బ్రిటిష్ కంటోన్మెంట్‌గా మొదలై వేరే ఊరిలాగే పెరిగింది. సుల్తాన్ బజార్ బ్రిటిష్ రెసిడెన్సీ పాలన కింద ఉండేది. 1933లో గానీ నిజాం చేతికి తిరిగి రాలేదు. 1901లో పుట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం లాంటి సంస్థలు ఆ చుట్టుపక్కలే వేళ్లూనుకోవడం యాదృచ్ఛికం కాదు. నిజాం పోలీసుల నీడ కాస్త పలచగా ఉన్నచోట సభలు, పుస్తకాలు, చర్చలు సాగాయి. ఏ వీధిలో ఉంటున్నావన్నది ఏ రాజకీయం చేయగలవన్నదాన్ని అప్పటికే నిర్ణయించేది.

1908 సెప్టెంబరులో మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకుంది. తర్వాత 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది. ఇరుకు పేటలు తీసేసి కొత్త ఇళ్లు కట్టింది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది, మరుసటి ఏడాది జాగీర్లు రద్దయ్యాయి. జాగీర్లు పోతే పోయాయనుకోవచ్చు, కానీ వాటి మీద ఆధారపడి బతికిన జవాన్లు, గుమాస్తాలు, పనివాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లలో చాలామంది పాతబస్తీ ముస్లింలు. నవాబుల కుటుంబాల్లో కొన్ని దేశం దాటాయి, కొన్ని దేవిడీలను ముక్కలుగా అమ్ముకున్నాయి. కొత్త ఆఫీసులు, కొత్త ఉద్యోగాలు నదికి ఉత్తరాన పెరిగాయి. అలా మూసీ మెల్లగా సరిహద్దయింది.

ఇక్కడ చాలామంది దాటేసే ఒక మధ్య అధ్యాయం ఉంది. 1960ల నుంచి బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్, హెచ్ఎంటీ, ఈసీఐఎల్ వచ్చాయి. వాటితోపాటు టౌన్‌షిప్‌లు, క్వార్టర్లు వచ్చాయి. క్వార్టర్ ఎవరికివ్వాలన్నది జీతం గ్రేడు, సీనియారిటీ చూసి నిర్ణయించేవారు. ఇంటిపేరు అడిగే ఓనరు లేడు. రిజర్వేషన్ మీద ఉద్యోగం వచ్చిన దళిత కుటుంబం, బ్రాహ్మణ గుమాస్తా కుటుంబం, కర్నూలు నుంచి వచ్చిన ముస్లిం ఫిట్టర్ కుటుంబం ఒకే మెట్లు ఎక్కి దిగేవి. పండగ పూట గిన్నెలు ఎవరింటికి వెళ్లేవి, ఎవరింటి దగ్గర ఆగేవి అన్నది వేరే కథ. కులం అక్కడా ఉంది. కానీ పిల్లలు ఒకే బడికి, ఒకే డిస్పెన్సరీకి, ఒకే గ్రౌండుకు వెళ్లారు. తర్వాత హౌసింగ్ బోర్డు కట్టిన కేపీహెచ్‌బీ లాంటి కాలనీల్లో కూడా ఎల్ఐజీ, ఎంఐజీ, హెచ్ఐజీ అని ఆదాయాన్ని బట్టి వరుసలు వేశారు గానీ అందరినీ ఒకే కాలనీలో ఉంచారు.

ఆ ఏర్పాటుకు తగ్గ రాజకీయమూ ఉండేది. ఆల్విన్ ఫ్యాక్టరీలో కార్మికుడిగా మొదలైన టంగుటూరి అంజయ్య 1980లో ముఖ్యమంత్రి అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు ముషీరాబాద్‌లో ఆయన్ని ఓడించింది మరో కార్మిక నాయకుడు, నాయిని నర్సింహారెడ్డి. ఒక నగర నియోజకవర్గంలో గెలిచినవాడూ ఓడినవాడూ ఇద్దరూ యూనియన్ నాయకులే కావడం ఈరోజు ఊహించగలమా? ఆ ఫ్యాక్టరీల్లో చాలావరకు మూతపడ్డాయి, కొన్ని చిక్కిపోయాయి. యూనియన్ ఆఫీసులు వెలవెలబోయాయి. ఇల్లు యాజమాన్యం ఇచ్చేది కాకుండా బజార్లో వెతుక్కునేది అయింది. నా దృష్టిలో అసలు మలుపు హైటెక్ సిటీ కాదు, ఇదీ.

అల్లర్లు గీసిన గీతలు

1978లో, పోలీసులు అత్యాచారం చేశారన్న రమీజాబీ కేసు తర్వాత మొదలైన ఉద్రిక్తత ఎనభైల్లో పదేపదే కర్ఫ్యూలుగా మారింది. 1990 డిసెంబరు అల్లర్లలో వందమందికి పైగా చనిపోయారు. ప్రతి కర్ఫ్యూ తర్వాత కొన్ని కుటుంబాలు సామాన్లు సర్దుకున్నాయి. పాతబస్తీలోని హిందూ కుటుంబాలు దిల్‌సుఖ్‌నగర్, వనస్థలిపురం వైపు కదిలాయి. నదికి ఉత్తరాన విడివిడిగా ఉన్న ముస్లిం కుటుంబాలు మెహిదీపట్నం, టోలిచౌకి వైపు, లేదా పాతబస్తీకే వెళ్లాయి. గల్ఫ్ డబ్బుతో ఇళ్లు కట్టుకునే కాలం కూడా అదే. ఎవరూ ఇటు పొమ్మని చెప్పలేదు. రాత్రి తలుపు కొడితే పక్కింటివాడు వస్తాడా రాడా అన్న లెక్క ఒక్కటే పనిచేసింది. ఆ భయానికి ఎవరినీ తప్పుపట్టలేం. కానీ లక్షమంది ఒక్కొక్కరుగా వేసుకున్న ఆ లెక్కతో నగరం రెండు ముక్కలైంది.

దాని రాజకీయ ఫలితం 1984లోనే కనిపించింది. ఆ ఏడాది హైదరాబాద్ లోక్‌సభ స్థానం సుల్తాన్ సలావుద్దీన్ ఒవైసీ చేతికి వచ్చింది. అప్పటినుంచి ఆయన పార్టీ మజ్లిస్ (ఎంఐఎం) దాన్ని వదల్లేదు. గ్రేటర్ కార్పొరేషన్ (జీహెచ్ఎంసీ) లెక్కలు ఇంకా ఆసక్తిగా ఉంటాయి. 150 డివిజన్లలో మజ్లిస్‌కు 2009లో 43, 2016లో 44, 2020లో 44 వచ్చాయి. మధ్యలో రాష్ట్రం విడిపోయింది, ప్రభుత్వం మారింది, రాష్ట్రమంతా ఓట్ల గాలి నాలుగు దిక్కులా తిరిగింది. ఈ అంకె మాత్రం కదల్లేదు. దీన్ని కేవలం మతాభిమానంగా చదివితే సగమే చదివినట్టు. పార్టీ ఆఫీసు దార్‌ఉస్సలాంలో ప్రజాప్రతినిధులు కూర్చుని రేషన్ కార్డు, ఆసుపత్రి బెడ్డు, పోలీస్ స్టేషన్ పంచాయితీలు చూస్తారు. ఆఫీసు దూరమైన చోట మధ్యవర్తి దగ్గరవుతాడు. జనం గుట్టగా ఒకేచోట ఉంటే మధ్యవర్తికి పోటీ తగ్గుతుంది.

"మీరేమిట్లు?"

ఇప్పుడు అల్లర్లు లేవు, కర్ఫ్యూలు లేవు. మరి విభజన ఎందుకు తగ్గలేదు? ఇల్లు అద్దెకు వెతికిన ఎవరినైనా అడగండి.

మొదటి ప్రశ్న ఉద్యోగం గురించి. రెండోది ఊరు. మూడోది ఇంటిపేరు. ఇంటిపేరుతో తేలకపోతే నేరుగా "మీరేమిట్లు?" అని కులమే అడుగుతారు. మర్యాదస్తులైతే "వెజ్జా, నాన్‌వెజ్జా?" అనీ, "చర్చికి వెళ్తారా?" అనీ చుట్టు తిరిగి అడుగుతారు. నేను ఒక మిత్రుడి కోసం గచ్చిబౌలి వైపు ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు, అతని పేరు చెప్పగానే బ్రోకరు "సార్, ఆయనకి టోలిచౌకిలో బాగుంటుంది, వాళ్లవాళ్లు ఉంటారు" అన్నాడు. కోపంగా కాదు, సాయం చేస్తున్నట్టే అన్నాడు. నా మిత్రుడు పెద్ద ఐటీ కంపెనీలో మేనేజరు. చివరికి టోలిచౌకిలోనే ఇల్లు తీసుకున్నాడు. బయటినుంచి చూసేవాళ్లకు అది అతని ఇష్టంలా కనిపిస్తుంది.

చట్టం ఏం చెబుతుంది? రాజ్యాంగం 15వ అధికరణ దుకాణాలు, హోటళ్లు, బావులు, చెరువులు, రోడ్ల విషయంలో వివక్ష కూడదంటుంది. అద్దె ఇంటి ఊసు అందులో లేదు. 2005లో అహ్మదాబాద్‌కు చెందిన ఒక పార్శీ హౌసింగ్ సొసైటీ కేసులో, తమ మతస్తులకే సభ్యత్వం ఇచ్చుకునే నియమం చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. సంఘం పెట్టుకునే స్వేచ్ఛను కోర్టు పైన పెట్టింది. చిన్న సమాజం తన ఉనికి కాపాడుకోవడం అర్థమయ్యేదే. అదే తర్కం పెద్ద కులాల చేతిలో పడితే పని వేరేగా చేస్తుంది.

ఢిల్లీ పరిసరాల్లో ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్ బృందం అద్దె ఇళ్ల కోసం వేర్వేరు పేర్లతో వాకబు చేయించి, 2015లో ఫలితాలు ప్రచురించింది. దళితులకు అడ్డంకులు ఎదురయ్యాయి, ముస్లింలకు ఇంకా ఎక్కువ. ఆ తర్వాత 2023లో కొందరు ఆర్థికవేత్తలు దేశవ్యాప్తంగా 15 లక్షల పేటల సమాచారం పరిశీలించారు. ముస్లింలలో 26 శాతం మంది, 80 శాతానికి మించి ముస్లింలే ఉన్న పేటల్లో బతుకుతున్నారని తేలింది. దళితుల విషయంలో ఆ అంకె 17 శాతం. అలాంటి పేటల్లో ప్రభుత్వ బడులు, ఆసుపత్రులు తక్కువని కూడా చూపించారు.

వార్డు లెక్కల్లో ఇది సరిగా దొరకదు. ఒక వార్డులో గేటెడ్ కమ్యూనిటీ, దాన్ని ఆనుకుని బస్తీ ఉంటే కాగితం మీద ఆ వార్డు చక్కగా కలిసిపోయినట్టే ఉంటుంది. మధ్యలో ఉన్న పన్నెండడుగుల గోడ జనాభా లెక్కల్లో కనిపించదు.

గోడ లోపలి ప్రభుత్వం

1998 నవంబరులో సైబర్ టవర్స్‌ను అప్పటి ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించారు. తర్వాతి పాతికేళ్లలో మాదాపూర్ నుంచి కోకాపేట దాకా పెరిగిన నగరానికి మున్సిపాలిటీ వెనకే పరుగెత్తుతూ వచ్చింది. నీళ్లు రాకముందే టవర్లు లేచాయి. డ్రైనేజీ పడకముందే ఫ్లాట్లు అమ్ముడయ్యాయి. దాంతో జనం ప్రభుత్వం కోసం ఎదురుచూడటం మానేసి, లోపలే ఒక చిన్న ప్రభుత్వం పెట్టుకున్నారు. బోరు, ట్యాంకరు, జనరేటరు, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి), సెక్యూరిటీ, పార్కు, అన్నింటికీ చదరపు అడుగు లెక్కన మెయింటెనెన్స్. అది కట్టినవాడికి నీళ్లు వస్తాయి. కట్టనివాడి పేరు నోటీసు బోర్డు ఎక్కుతుంది.

దీన్ని స్వార్థం అని తిట్టిపోయడం తేలిక. నేనూ ఫ్లాట్‌లోనే ఉంటాను, నేనూ మెయింటెనెన్స్ కడతాను, మోటారు కాలిపోతే నాకూ టెన్షనే. సమస్య మనుషుల గుణంలో కంటే ఈ ఏర్పాటు నేర్పే పాఠంలో ఉంది. అసోసియేషన్‌లో ఫ్లాటుకు ఒక ఓటు, అదీ ఓనరుకే. అద్దెకుండేవాడికి మాట ఉండదు. లోపల రోజంతా పనిచేసే వాచ్‌మన్, పనమ్మాయి, తోటమాలి లెక్కలోనే ఉండరు. వాళ్లు ఏ లిఫ్ట్ ఎక్కాలో మాత్రం తీర్మానాలు ఉంటాయి. రెండు వేల ఫ్లాట్ల గేటెడ్ కమ్యూనిటీ జనాభా ఒక మేజర్ పంచాయతీ అంత. ఆ పంచాయతీలో ఎస్సీ, ఎస్టీ, బీసీలకు, మహిళలకు రిజర్వేషన్ ఉంది. జీహెచ్ఎంసీలో సగం డివిజన్లు మహిళలవి. అసోసియేషన్ కమిటీకి అలాంటి షరతు ఏదీ లేదు. 1992లో 73, 74వ సవరణలతో స్థానిక పాలనలోకి తెచ్చిన ప్రజాస్వామ్యం, గేటు దగ్గర చెప్పులు విడిచినట్టు బయటే ఆగిపోతుంది.

పదేళ్లు ఇలా బతికినవాడికి సేవ అంటే డబ్బు కట్టి తీసుకునేది అన్న భావన సహజంగా అలవాటవుతుంది. 2021 జనవరి నుంచి నగరంలో నెలకు 20 వేల లీటర్ల దాకా ఉచిత నీళ్లు మొదలయ్యాయి. బస్తీలో అది హక్కుగానే వినిపించింది. ట్యాంకరు నీళ్ల మీద నడిచే టవర్లో "మా పన్నులతో వాళ్లకు ఫ్రీ" అని వినిపించింది. ఆ టవర్లో ఉన్నవాడి తాత బహుశా ఏదో ఊళ్లో చెరువు కింద నీటి వంతు కోసం పంచాయితీ పెట్టినవాడే. విలువలు గాల్లోంచి ఊడిపడవు, నీళ్లు ఎటునుంచి వస్తున్నాయో అటునుంచే వస్తాయి.

కులం కూడా గోడ లోపల చెరిగిపోలేదు. 2023లో కోకాపేట వేలంలో ఎకరం 100 కోట్లు దాటింది. అదే కోకాపేటలో ప్రభుత్వం బీసీ కులాలకు ఆత్మగౌరవ భవనాల కోసం స్థలాలు ఇచ్చింది. దగ్గర్లోని ఖానామెట్‌లో వెలమ, కమ్మ సంఘాలకు చెరో ఐదెకరాలు కేటాయిస్తే అది హైకోర్టుకెక్కింది. నగరానికి వస్తే కులం పలచబడుతుందని చెప్పేవాళ్లకు ఈ చుట్టుపక్కల ఒకసారి తిరిగి రావాలని చెబుతాను.

పార్టీ మారినా మారనిది

2014 శాసనసభ ఎన్నికల్లో గ్రేటర్ పరిధిలోని 24 స్థానాల్లో తెరాసకు వచ్చినవి మూడు. రెండేళ్లు తిరగకుండానే కార్పొరేషన్‌లో 99 డివిజన్లు గెలిచింది. 2020లో 56కు పడింది. నాలుగు డివిజన్ల దగ్గరున్న భాజపా 48కి ఎగబాకింది. 2023లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గాలి వీస్తే, హైదరాబాద్ జిల్లాలోని 15 స్థానాల్లో ఆ పార్టీకి ఒక్కటీ రాలేదు. బీఆర్ఎస్ (తెరాస కొత్త పేరు), మజ్లిస్ చెరో ఏడు, భాజపా ఒకటి తీసుకున్నాయి.

ఇవి చూసి నగర ఓటరు చపలచిత్తుడని కొందరు తేల్చేశారు. నాకలా అనిపించదు. నగరం పడమటి వైపున రాష్ట్ర విభజన ఉద్యమాన్ని వ్యతిరేకించిన చాలామంది, ఆ ఉద్యమం నడిపిన పార్టీకే తర్వాత వరసగా ఓటేశారు. ఎందుకంటే అప్పటికి వాళ్ల రాజకీయం ప్రాంతం నుంచి ఫ్లాటు ధరకు మారింది. ఫ్లైఓవర్లు లేచాయి, దుర్గం చెరువు మీద తీగల వంతెన వచ్చింది, ఈఎంఐ కడుతున్న ఫ్లాటు విలువ పెరుగుతోంది. అప్పు చేసి ఇల్లు కొన్నవాడికి అంతకంటే గట్టి మ్యానిఫెస్టో ఏముంటుంది? కారులోంచి కనిపించేదే అభివృద్ధి. కారులోంచి కనిపించనివి, అంటే ప్రభుత్వ బడి, బస్తీ దవాఖానా, నాలా (వాననీటి కాలువ) పూడిక, వాళ్ల చర్చలోకి రావు. అవి వాడరు కాబట్టి రావు.

ఇక ఓటు వేయడమన్నది. 2020 గ్రేటర్ ఎన్నికల్లో పోలింగ్ 46.55 శాతం. 2023లో రాష్ట్రం మొత్తం 71 శాతం ఓటేస్తే హైదరాబాద్ జిల్లా సగం కూడా దాటలేదు. సెలవిస్తే ఊళ్లకు పోయారని మందలించడం ప్రతిసారీ జరిగే తంతు. ఓటు ఊళ్లో ఉంచుకున్నవాళ్లు చాలామంది, అది నిజమే. కానీ కార్పొరేటర్ చేయగల పని తన జీవితంలో ఒక్కటీ కనిపించనివాడు క్యూలో నిలబడటానికి కారణం కూడా కనిపించాలి కదా.

పేదల సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. వాళ్లకు కార్పొరేటర్‌తో రోజూ పని. కానీ వాళ్ల చిరునామాలే కదిలిపోతున్నాయి. 2023లో కొల్లూరులో 15,660 డబుల్ బెడ్‌రూమ్ ఇళ్లు ఒకేచోట తెరిచారు. ఇల్లు మంచిదే, పక్కా ఇల్లు. కానీ నగరం నడిబొడ్డున పాచిపని చేసుకునే మనిషికి అక్కడినుంచి రానుపోను బస్సుల్లోనే సగం పూట గడుస్తుంది. మెట్రో చూద్దామా అంటే, సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండు నుంచి ఫలక్‌నుమా దాకా వెళ్లాల్సిన లైను 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ బస్టాండు దాకా వచ్చి ఆగింది. మూసీ ఒడ్డున ఉన్న ఆ స్టేషన్ దాటితే పాతబస్తీ. ఆ ఐదున్నర కిలోమీటర్లే మిగిలిపోయాయి.

నా వాదనకే అడ్డం తిరిగే ఒక సంగతి కూడా చెప్పాలి. ఒకే కష్టం వస్తే జనం ఒకే ఆఫీసు ముందు నిలబడతారని మొదట్లో అన్నాను. 2020 అక్టోబరులో ఆ పరీక్ష వచ్చింది. 13వ తేదీ రాత్రి వాన ముంచెత్తింది. ఎల్బీనగర్ వైపు కాలనీలు మునిగాయి. కొద్దిరోజులకు గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ వైపు హఫీజ్‌బాబానగర్ మునిగింది. రెండింటి మధ్య దూరం పది కిలోమీటర్లు కూడా ఉండదు. ఆక్రమించిన చెరువులు, మూసుకుపోయిన నాలాలు రెండు చోట్లా ఉన్నాయి. నడుం లోతు నీళ్లు రెండు చోట్లా వచ్చాయి. పదివేల రూపాయల సాయం కోసం రెండు చోట్లా లైన్లు కట్టారు, అందలేదని రెండు చోట్లా అరిచారు.

ఆరేడు వారాల తర్వాత, డిసెంబరు 1న పోలింగ్. ప్రచారంలో నాలాల కంటే ఓల్డ్ సిటీ గురించే ఎక్కువ విన్నాం. హఫీజ్‌బాబానగర్ చుట్టుపక్కల డివిజన్లు ఎప్పటిలాగే మజ్లిస్‌కు వెళ్లాయి. ఎల్బీనగర్ వైపు భాజపా దాదాపు ఊడ్చేసింది. ఇందులో వరద పాలెంత, మతం పాలెంత అని ఎవరూ ఖచ్చితంగా విడదీయలేరు. నాకు తోచిన కారణం చిన్నది. ముప్పై ఏళ్ల కిందట అయితే ఈ కాలనీ వాళ్లలో కొందరు ఆ గల్లీల్లోనే ఉండేవారు. అక్కడెవరి ఇల్లు మునిగిందో ఫోన్ చేసి కనుక్కునేవారు. ఇప్పుడు వాళ్ల ఫోన్లలో అటువైపు నంబర్లు లేవు.